ఉచిత సాధనాలు, ఉమ్మడి పాఠాలు – కాలేజీ చదువులో మన కర్తవ్యం

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం పెద్దలు మమ్మల్ని పిలిచి "ఈ ఏడు చదువు గురించి నాలుగు ముక్కలు చెప్పండి మాస్టారూ" అన్నప్పుడు మేము కొంచెం వెనకాడిన మాట నిజం. మేము ఉర్దూ మీడియం హైస్కూలులో లెక్కలు, సైన్సు చెప్పేవాళ్ళము. మా తెలుగు బజారులో నేర్చిన తెలుగు. తప్పులుంటే పెద్దమనసుతో మన్నించండి. పైగా ఇవాళ్టి విషయం యూనివర్సిటీ చదువు. కంప్యూటరులోనూ ఫోనులోనూ ఉచితంగా దొరికే పాఠాలను, పనిముట్లను కాలేజీ అధ్యాపకులు ఎట్లా వాడుకోవచ్చు అన్నది. హైస్కూలు మాస్టరుకు యూనివర్సిటీ గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మేము చెప్పి పంపిన పిల్లలే అక్కడికి పోతున్నారు. అక్కడ నిలబడలేకపోయినప్పుడు తిరిగి మా గడపకే వస్తున్నారు. అందుచేత మాట్లాడక తప్పదు.

మూడేళ్ళ కిందటి సంగతి ఒకటి మనవి చేస్తాము. మా బడిలో పదో తరగతి దాకా ఉర్దూలో చదివి, ఇంటరు ఎట్లాగో గట్టెక్కి, డిగ్రీలో బి.యస్సీ. చేరిన ఒక అమ్మాయి రెండు నెలలకే మా ఇంటికి వచ్చింది. వెంట వాళ్ళ అమ్మ. "సార్, కుచ్ సమజ్ మేచ్ నై ఆ రా" అని నోటుబుక్కు మా చేతిలో పెట్టింది. చూశాము. దస్తూరీ ముత్యాల్లా ఉంది. బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాసింది. ఒక్క వాక్యం చదివి అర్థం చెప్పమంటే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "తేజాబ్ అంటే తెలుసా?" అని అడిగాము. తెలుసు అంది. లక్షణాలన్నీ గడగడా చెప్పింది. "ఈ పేజీలో ఉన్న యాసిడ్ అదేనమ్మా" అంటే తెల్లబోయింది.

సోదరులారా, ఆ పిల్లకు సైన్సు రాదనడం అన్యాయం. సైన్సు వచ్చు, దాని పేరు మాత్రం మారిపోయింది. ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. మేమూ చెప్పి పంపలేదు. మా తప్పు మేము ఒప్పుకుంటున్నాము. తరగతిలో ఎనభై మందికి పాఠం చెప్పే అధ్యాపకునికి ఈ పిల్ల ఎక్కడ ఆగిపోయిందో కనిపించదు. మన రాష్ట్రంలో 2021–22 విద్యాసంవత్సరం నుంచి డిగ్రీ కోర్సులను ఇంగ్లీషు మీడియంలోకి మార్చారు. మార్పు మంచిదా చెడ్డదా అన్నది వేరే సభలో మాట్లాడుకుందాం. మారిన తర్వాత మన పిల్లల చేయి పట్టుకునేవాళ్ళెవరు అన్నదే ఇవాళ్టి ప్రశ్న.

ఈ చిక్కు కొత్తది కాదు. హైదరాబాదులో 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని ఉర్దూ మాధ్యమంలో నెలకొల్పినప్పుడు పెద్దలకు ఎదురైనది ఇదే. పై చదువుల పుస్తకాలన్నీ ఇంగ్లీషులో ఉండెను. అందుకని 1917లోనే దారుల్ తర్జుమా అనే అనువాద శాఖను తెరిచారు. చరిత్ర, గణితం, వైద్యం, ఇంజనీరింగు, ఇట్లా వందలాది పుస్తకాలను అక్కడ ఉర్దూలోకి తెచ్చారు. ఒక్కొక్క శాస్త్ర పదానికీ పండితులు కూర్చుని చర్చించి మాట కట్టారు. మా పాఠ్యపుస్తకాల్లోని శాస్త్ర పదాల్లో ఆ కష్టం ఇంకా కనిపిస్తూనే ఉంది. 1948 తర్వాత బోధన ఇంగ్లీషుకు మారింది. పుస్తకాలు బీరువాలకెక్కాయి.

ఆనాడు అంత పనికి ఒక ప్రభుత్వం కావలసి వచ్చింది. ఇవాళ అందులో కొంత పని ఒక కాలేజీ అధ్యాపకుడు, ఒక బడి మాస్టరు, పదిమంది విద్యార్థులు కూర్చుని చేయగలరు. ఖర్చు పెద్దగా లేదు. ఎందుకంటే పనిముట్లు ఉచితం, పాఠాలలో చాలా భాగం ఉచితం. ఎట్లాగో చెబుతాము.

అమెరికాలో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అనే గొప్ప విద్యాలయం ఉంది. 2001లో వారు ఒక ప్రకటన చేశారు, తమ తరగతుల పాఠాలు, ప్రశ్నపత్రాలు, నోట్సు అన్నీ ఇంటర్నెట్టులో ప్రపంచానికంతటికీ ఊరికే ఇస్తామని. మరుసటి ఏడు 50 కోర్సులతో మొదలుపెట్టారు. ఇప్పుడు 2,500 పైచిలుకు కోర్సులు ఉన్నాయి. ఫీజు కట్టిన పిల్లలు ఏమనుకుంటారోనని వారు జంకలేదు. పాఠం పంచితే తరిగిపోయేది కాదని వారికి తెలుసు. 2002లో యునెస్కో జరిపిన సమావేశంలో ఇటువంటి సామగ్రికి స్వేచ్ఛా విద్యా వనరులు అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. 2019లో అన్ని దేశాలూ వీటిని ప్రోత్సహించాలని యునెస్కో సిఫారసు చేసింది.

మన దేశం ఏమీ వెనకబడి లేదు. ఐఐటీలు, బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సు కలిసి నడిపే ఎన్‌పిటెల్ పాఠాలు ఎవరైనా చూడవచ్చు. 2017లో కేంద్ర ప్రభుత్వం స్వయం అనే వేదికను ప్రారంభించింది. చేరడానికి, చదవడానికి డబ్బు అక్కరలేదు. సర్టిఫికెట్టు కావాలంటే పరీక్షకు మాత్రం ఫీజు ఉంటుంది. యూజీసీ 2021లో చేసిన నిబంధనల ప్రకారం ఒక సెమిస్టరులోని కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం ద్వారా చదవడానికి యూనివర్సిటీలు అనుమతించవచ్చు. ఐఐటీ ఖరగ్‌పూరు నేషనల్ డిజిటల్ లైబ్రరీని నిర్వహిస్తోంది. ఆ ఐఐటీ 1951లో, మౌలానా ఆజాద్ సాహెబు విద్యామంత్రిగా ఉన్న కాలంలో పుట్టినదే. ఆయన పేరిట 1998లో హైదరాబాదులో ఏర్పడిన ఉర్దూ విశ్వవిద్యాలయం వారి మీడియా సెంటరు ఉర్దూలో వీడియో పాఠాలు తయారుచేస్తోంది. మన కర్నూలులో 2016లో డాక్టర్ అబ్దుల్ హఖ్ ఉర్దూ విశ్వవిద్యాలయం వచ్చింది. అంటే ఇంటి ముందర చెరువు ఉంది. కడవ తీసుకుని పోవడమే ఆలస్యం.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు.

ఎండాకాలంలో ఒక సేటుగారు బజారులో చలివేంద్రం పెట్టిస్తారు. నీళ్ళు ఊరికే ఇస్తారు. పుణ్యాత్ముడు. కానీ కుండ ఆయనది, పందిరి ఆయనది. రేపు ఎత్తేస్తే అడిగే హక్కు మనకు లేదు. ఇంటర్నెట్టులో ఉచితంగా దొరికే చాలా సౌకర్యాలు ఇటువంటివే. మేము ఒకసారి దెబ్బతిన్నాము. రెండేళ్ళు కష్టపడి తయారుచేసిన ప్రశ్నలన్నీ ఒక ఉచిత సైటులో దాచుకున్నాము. ఒకనాడు వారు ఆ సేవ ఆపేశారు. ముందుగా ఉత్తరం పంపారట, మేము చూసుకోలేదు. ప్రశ్నలన్నీ పోయాయి. ఆనాటి నుంచి ప్రతి పాఠానికీ ఒక ప్రతి మా సొంత పెన్‌డ్రైవులో ఉంచుకుంటున్నాము.

రెండోది వక్ఫు వంటిది. మన పెద్దలు ఒక బావి తవ్వించి వక్ఫు చేస్తే అది ఇక అమ్ముడుపోదు, వెనక్కి రాదు. తవ్వించినవారి పేరు రాతిపలక మీద ఉంటుంది, నీళ్ళు ఊరందరివి. క్రియేటివ్ కామన్స్ అనే లైసెన్సు ఉంది. 2002లో మొదలైంది. అది ఇంచుమించు ఈ పద్ధతే. రచయిత తన హక్కు వదులుకోడు. కానీ నా పేరు చెప్పి ఎవరైనా వాడుకోండి, పంచుకోండి అని ముందుగానే అనుమతి రాసి ఇస్తాడు. ఒకసారి ఇచ్చి, మన చేతికి వచ్చిన ప్రతి మీద ఆ అనుమతిని తిరిగి గుంజుకోవడానికి లేదు. కొన్ని లైసెన్సులు మార్చుకోవడానికి, అనువదించుకోవడానికి కూడా ఒప్పుకుంటాయి. కొన్ని ఒప్పుకోవు. కొన్ని వ్యాపారానికి వాడవద్దంటాయి. అందుచేత పాఠం అడుగున ఏమి రాసి ఉందో చూడడం అధ్యాపకుని మొదటి పని. అనువాదానికి అనుమతి ఉన్న పాఠాన్ని మనం నిర్భయంగా ఉర్దూలోకో తెలుగులోకో తేవచ్చు. అనుమతి లేనిదాన్ని జిరాక్సు తీసి పంచడం, ఎంత మంచి ఉద్దేశమైనా సరే, ఒకరి కష్టాన్ని అడక్కుండా తీసుకోవడమే.

ఇప్పుడు ఆ అమ్మాయి సంగతికి వస్తాము. మాకు తెలిసిన ఒక డిగ్రీ అధ్యాపకుడు ఉన్నారు. రసాయనశాస్త్రం చెబుతారు. తెలుగువారు. ఉర్దూ అక్షరం రాదు. ఆయనను కలిసి నోటుబుక్కు చూపించాము. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మాస్టారూ, ఈ పిల్ల మొదటి బెంచీలో కూర్చుంటుంది. నాకు అర్థమవుతోందనే అనుకున్నాను" అన్నారు. ఆదివారాలు మధ్యాహ్నం కూర్చుందామని ఆయనే అన్నారు.

మొదట చేసినది మాటల పట్టిక. ఉచితంగా దొరికే లిబ్రేఆఫీసులో మూడు గడులు గీశాము. ఒకటి ఉర్దూ, ఒకటి తెలుగు, ఒకటి ఇంగ్లీషు. తేజాబ్, ఆమ్లం, యాసిడ్. ఖలియా, కణం, సెల్. సాల్మా, అణువు, మాలిక్యూల్. కశిషే సిక్ల్, గురుత్వాకర్షణ, గ్రావిటీ. జియాయీ తాలీఫ్, కిరణజన్య సంయోగక్రియ, ఫోటోసింథసిస్. ఇంగ్లీషు మాటను తెలుగు అక్షరాలలో ఎట్లా పలకాలో కూడా రాశాము. ఒకచోట చిక్కు వచ్చింది. మా పాత నోట్సన్నీ వెనకటి ఉర్దూ అచ్చు ప్రోగ్రాములో కొట్టినవి. ఆ ప్రోగ్రాము లేని కంప్యూటరులో అవి గీతలు, చుక్కలుగా కనబడతాయి. వెతికితే దొరకవు. అందుకని యూనికోడులో మళ్ళీ కొట్టాము. నస్తాలీఖు అక్షరాలు కూడా ఉచితంగానే దొరుకుతున్నాయి. ఈ చాకిరీలో సగం ఆ అమ్మాయే చేసింది. చేస్తూ చేస్తూనే నేర్చుకుంది.

రెండోది ప్రయోగం. కొలరాడో విశ్వవిద్యాలయంవారు ఫెట్ అనే పేరుతో ప్రయోగాల నమూనాలు చేశారు. 2002లో నోబెల్ బహుమతి గ్రహీత కార్ల్ వీమన్‌గారు దాన్ని ప్రారంభించారు. తెర మీద బీకరు ఉంటుంది. ఆమ్లం చుక్క వేస్తే పి.హెచ్. అంకె ఎట్లా మారుతుందో కళ్ళ ముందర కనిపిస్తుంది. ఒకసారి దించుకుంటే నెట్టు లేకపోయినా నడుస్తుంది. లెక్కలకు జియోజీబ్రా ఉంది. గీత మీద బిందువును వేలితో జరిపితే స్పర్శరేఖ దానితోపాటే వాలుతుంది. అవకలనం అంటే ఏమిటో మేము బోర్డు మీద అరగంట చెప్పినదాన్ని అది అరనిమిషంలో చూపించింది. మాకు కొంచెం చిన్నతనమే అనిపించింది గానీ సంతోషించాము. కివిక్స్ అనే ప్రోగ్రాముతో వికీపీడియా మొత్తాన్ని దించుకుని నెట్టు లేనిచోట కూడా చదువుకోవచ్చు. ఉర్దూ వికీపీడియా, తెలుగు వికీపీడియా రెండూ ఉన్నాయి. అందులో లేని వ్యాసాన్ని మన పిల్లలే రాయవచ్చు.

అధ్యాపకుడుగారు చేసిన మార్పు ఇంకా గొప్పది. వచ్చే వారం చెప్పబోయే పాఠంలోని ఇరవై మాటలను ముందే తరగతికంతటికీ పంపసాగారు. ఐదు నిమిషాల వీడియో ఒకటి చూసి రమ్మని, తరగతిలో ఆ ఐదు నిమిషాలను ప్రశ్నలకు కేటాయించారు. ఒక్క ఉర్దూ పిల్లకోసం మొదలుపెట్టినది తెలుగు మీడియం నుంచి వచ్చిన పల్లెటూరి పిల్లలకూ అక్కరకు వచ్చింది. వాళ్ళదీ అదే బాధ. నోరు తెరిచి చెప్పలేదంతే.

ఇదంతా విని, ఫోను ఉంటే చాలు, మాస్టరు అక్కరలేదు అనుకోకండి. అది పొరపాటు. మా బడిలోనే చదివిన ఒక అబ్బాయి సంగతి చెప్పకపోతే మేము సగం నిజమే చెప్పినట్టు. బి.కాం.లో చేరాడు. అర్థం కావడం లేదన్నాడు. మేము పది వీడియోల చిరునామాలు రాసి ఇచ్చి, "చూసుకో బేటా, అన్నీ ఉచితమే" అని పంపించాము. మళ్ళీ కబురు కనుక్కోలేదు. ఇంట్లో ఒక్కటే ఫోను, నలుగురు పిల్లలు. తండ్రి రాత్రి పదింటికి ఇంటికి వస్తే గానీ ఆ ఫోను అతని చేతికి రాదు. పది వీడియోల్లో ఏది ముందో, ఏది వెనకో చెప్పేవాళ్ళు లేరు. రెండో సెమిస్టరు పరీక్ష రాయలేదు. ఇవాళ టైర్ల షాపులో పని చేస్తున్నాడు. ఆ పని తక్కువదని మేము అనము. కానీ కోరి పోలేదు, చదువు తోసేస్తే పోయాడు. దారిలో కనబడితే ఇప్పటికీ సలాం చేస్తాడు. మాకే తల ఎత్తబుద్ధి కాదు.

ఇద్దరికీ దొరికిన పాఠాలు ఇంచుమించు ఒకటే. ఆ అమ్మాయి పక్కన ఆదివారం పూట ఇద్దరు మనుషులు కూర్చున్నారు. ఈ అబ్బాయి పక్కన ఎవరూ కూర్చోలేదు. తేడా అక్కడ ఉంది.

ఇంకొక హెచ్చరిక. ఇప్పుడు ప్రశ్న అడిగితే జవాబు చెప్పే కృత్రిమ మేధ వచ్చింది. పిల్లలు బాగా వాడుతున్నారు. మేమూ వాడి చూశాము. తెలియని మాటకు అర్థం అడగడానికి, ఇంగ్లీషు పేరాను తేలిక భాషలో చెప్పించుకోవడానికి పనికివస్తుంది. కానీ తెలియని సంగతిని కూడా తెలిసినట్టే చెబుతుంది. ఒకసారి మాకు లేని పుస్తకం పేరు, రచయిత పేరుతో సహా చెప్పింది. కాబట్టి దాని మాటను పాఠ్యపుస్తకంతో సరిచూసుకునే అలవాటు అధ్యాపకుడు నేర్పాలి. దానిచేత రాయించి తన పేరు పెట్టుకునే విద్యార్థి పరీక్ష హాలులో ఒంటరివాడైపోతాడు.

ఇక మా కోరికలు. అధ్యాపక మిత్రులకు మూడు. మొదటిది, సెమిస్టరు మొదలయ్యేముందు మీ పాఠానికి సరిపడే ఉచిత పాఠాలను మీరే చూసి, ఏరి, వరస పెట్టి ఇవ్వండి. వంద దారులు చూపడంకంటే ఒక దారిలో నడిపించడం మేలు. రెండోది, మీరు తయారుచేసిన నోట్సును మీ పేరుతోనే స్వేచ్ఛా లైసెన్సు కింద పెట్టండి. మీరు రిటైరైన తర్వాత కూడా అది పాఠం చెబుతూనే ఉంటుంది. మూడోది, మొదటి నెలలో ప్రతి విద్యార్థినీ ఒక్క ప్రశ్న అడగండి: "నువ్వు ఏ భాషలో చదివి వచ్చావు?" ఆ ఒక్క ప్రశ్నకు ఇంటర్నెట్టు కూడా అక్కరలేదు.

సంఘం పెద్దలకు ఒక కోరిక. షాదీఖానా పక్కన ఉన్న గది ఏడాదిలో పది నెలలు తాళం వేసే ఉంటుంది. దాన్ని సాయంత్రం ఇవ్వండి. పాత కంప్యూటర్లు రెండు, ఒక నెట్టు కనెక్షను, ఒక బల్ల, ఫాను చాలు. ఆడపిల్లలకు ఐదు నుంచి ఏడు, మగపిల్లలకు ఏడు నుంచి తొమ్మిది. కూర్చునే మనిషిగా వారానికి మూడు రోజులు మేము వస్తాము. మాటల పట్టికను అక్కడ పెడతాము. ఎవరైనా రాసుకోవచ్చు, చేర్చవచ్చు, తప్పుంటే దిద్దవచ్చు.

తల్లిదండ్రులకు ఒక మాట. ఆడపిల్ల చేతిలో ఫోను చూస్తే మీకు భయం. ఆ భయాన్ని మేము ఎగతాళి చేయము, మాకూ కూతుళ్ళు ఉన్నారు. కానీ చదువుకోసం రోజుకు ఒక గంట ఆ ఫోను ఇవ్వండి. పక్కన కూర్చుని చూడండి. మీకూ రెండు మాటలు వస్తాయి.

చివరిగా, ఆ అమ్మాయి ఏమైందని మీరు అడుగుతారు. మొదటి సెమిస్టరులో కెమిస్ట్రీ తప్పింది. దాచవలసిన పని లేదు. తర్వాత రాసి ప్యాసైంది. ఈ ఏడు డిగ్రీ పూర్తి చేసింది. ఆమె మొదలుపెట్టిన పట్టికలో ఈ రోజుకు ఆరువందలకు పైగా మాటలు ఉన్నాయి. మొన్న ఒక జూనియరు పిల్ల వచ్చి "సార్, యాసిడ్ అంటే ఏమిటి?" అని అడిగితే మేము జవాబు చెప్పేలోగా ఆ అమ్మాయే పక్కకు జరిగి, బల్ల మీద చోటిచ్చి, "బైఠో, మై బతాతూఁ" అంది.

ఆ బల్ల మా ఇంట్లో ఉంది. ముగ్గురికంటే ఎక్కువ పట్టదు. అందుకే సంఘం గది అడుగుతున్నాము.